హాజరు పట్టీకి అందని ఎదుగుదల: విశాఖ సంఘాల్లో అపోహలు – వాస్తవాలు

"ఆయన బాగా ఎదిగిన విశ్వాసి అండీ" అని మన సంఘాల్లో ఎవరి గురించైనా అన్నారంటే, ఆ మాట వెనక చాలాసార్లు మూడు లెక్కలుంటాయి: ఎన్ని ఆదివారాలు వచ్చాడు, ఎంతసేపు ప్రార్థన చేస్తాడు, కానుక ఎంత వేస్తాడు. మూడూ మంచివే. అయితే ఈ మూడే కొలబద్దలైపోవడంతో జ్ఞానాపురం నుంచి కూర్మన్నపాలెం దాకా కొన్ని అపోహలు బాగా పాతుకుపోయాయి.

అపోహ: ఆదివారం ఉదయం ఆరాధన తప్పిందంటే ఆ మనిషి ఆత్మీయంగా చల్లబడినట్టే.

వాస్తవం: ఉక్కునగరంలో ఉంటూ ఈ మాట అనడానికి మనసెలా వస్తుందో! గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేసులకు ఆదివారమంటూ ఉండదు. తెల్లారేసరికి ఎ షిఫ్టుకు పోయినవాడు పదింటి ఆరాధనలో ఎలా కూర్చుంటాడు? పోర్టులో ఓడ బెర్తుకు చేరితే అక్కడా అంతే. అసలు ఆదివారం సెలవు క్రైస్తవ్యంతో పాటే పుట్టింది కాదు. క్రీ.శ. 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ శాసనం చేసేదాకా అది పనిరోజే. అంతకు రెండు వందల ఏళ్ళ ముందు, 112 ప్రాంతంలో, బితూనియ గవర్నరు ప్లినీ తన చక్రవర్తికి ఉత్తరం రాస్తూ, ఈ క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారని చెప్పాడు. వాళ్ళలో పరిచారికలని పేరున్న ఇద్దరు దాసీలను హింసించి మరీ వివరాలు రాబట్టాడు. యజమాని కేక వేసేలోపు ఆరాధన ముగించుకోవలసిన మనుషులు వాళ్ళు. షిఫ్టు డ్యూటీ విశ్వాసులకు ఇంతకన్నా దగ్గరి పూర్వీకులు దొరకరు. సాయంత్రం ఇంకో ఆరాధన పెట్టుకునే సంఘం కొత్త పోకడలేవీ పోవడం లేదు, పాత దారిలోనే ఉంది.

అపోహ: విశ్వాసులను ఎదిగించడం పాస్టరుగారి పని. మన పని వినడం.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదేనని నా అభిప్రాయం. ఎఫెసీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం తీసి చూడండి. కాపరులనూ ఉపదేశకులనూ ఇచ్చింది పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధం చేయడానికి. అంటే పరిచర్య చేయవలసినవాళ్ళు బల్లల మీద కూర్చున్నవాళ్ళే. మన దేశానికి తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్‌లో బాధ్యత తీసుకున్నాక ఈ మాటనే పట్టుకున్నారు. బాప్తిస్మం పొందిన వారి చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న అర్థంలో ఒప్పుకోలు చెప్పించేవారు. అలా చెప్పినవాళ్ళలో చాలామంది కూలినాలి చేసుకునే, చదువు రాని మనుషులు.

విశ్వాసులే ఒకరినొకరు ఎదిగించుకునే చిన్న గుంపుల కథ మరీ తమాషా. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టులకు ప్రార్థనా మందిరం కట్టిన అప్పు మిగిలింది. ఒక్కో సభ్యుడు వారానికో పెన్నీ ఇవ్వాలని, పన్నెండేసి మందికి ఒకరు వసూలు చేయాలని అనుకున్నారు. చిల్లర కోసం ఇళ్ళకు వెళ్ళినవాళ్ళకు, ఎవరింట్లో గొడవలున్నాయో, ఎవరు తాగుతున్నారో తెలిసింది. జాన్ వెస్లీ అది గమనించి, వసూలు ఏర్పాటును ఒకరినొకరు కనిపెట్టుకునే 'క్లాసు'గా మార్చాడు.

ఇళ్ళలో పెట్టుకునే మన కాటేజ్ మీటింగ్ ఆ వరసలోదే. ఉక్కునగరం క్వార్టరులో ముందుగది, సోఫా గోడవైపు జరిపేసి పరిచిన చాప, గుమ్మం బయట చెప్పుల పక్కన ఒక జత సేఫ్టీ షూస్. బి షిఫ్టుకు వెళ్ళవలసిన ఆయన మధ్యమధ్య గడియారం చూస్తుంటాడు. వాక్యం చదివే వంతు ఒక పెద్దావిడది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంది, ఎవరూ తొందరపెట్టరు. తర్వాత "మా అబ్బాయి మళ్ళీ ఉద్యోగం మానేశాడమ్మా" అంటుంది. వందల మంది కూర్చునే ఆరాధనలో ఈ మాటకు చోటుండదు. చోటున్నా ఆమె చెప్పదు. టీ తాగి ఊరుకునే కాటేజ్ మీటింగులూ లేకపోలేదు, అది వేరే సంగతి.

అపోహ: సౌండ్ బాక్సులు అదరాలి, కన్నీళ్ళు రావాలి, అప్పుడే ఆత్మ పనిచేసినట్టు.

వాస్తవం: గలతీ పత్రికలో ఆత్మఫలం కింద తొమ్మిది గుణాలున్నాయి. వాటిలో దేన్నీ మైకులో వినిపించలేం. దీర్ఘశాంతం ఉందో లేదో ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది.

అపోహ: ఇది తెల్లదొరల మతం, ఎదగాలంటే మన భాషనూ సంగీతాన్నీ గుమ్మం బయట వదలాలి.

వాస్తవం: బయటివాళ్ళు మొదటి సగం అంటారు, లోపలివాళ్ళు కొందరు రెండో సగం ఆచరిస్తారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. బైబిలును తెలుగు చేసే పని ఇక్కడే పెట్టుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. ఆ పనిలో వాళ్ళకు అండగా నిలిచింది క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్. తర్వాత పురుషోత్తమ చౌదరి (1803–1890) మన రాగతాళాల్లోనే కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఈనాటికీ పాట నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. లూథరన్లూ బాప్టిస్టులూ సి.ఎస్.ఐ. వాళ్ళూ అదే పుస్తకం పట్టుకుంటారు. కొత్త పాటలు వద్దని కాదు. కష్టకాలంలో, మరణపు ఇంట్లో కరెంటు లేకపోయినా, కీబోర్డు లేకపోయినా నలుగురూ కలిసి పాడగలిగేవి చాలా ఇళ్ళలో ఆ పాతవే.

అపోహ: ఎదిగినవాడు అన్యులతో కలవకూడదు.

వాస్తవం: సంఘంలో అధ్యక్షుడిగా ఉండేవాడు బయటివారి చేత మంచివాడనిపించుకోవాలని తిమోతికి రాసిన మొదటి పత్రిక నియమం పెట్టింది. పక్కింటివాళ్ళ ముఖమే చూడనివాడికి ఆ సాక్ష్యం ఎవరిస్తారు? ఓడలు హార్బరులోకి వచ్చే దారిలో మూడు కొండలు వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మరియమాత గుడి. డిసెంబరు 8న కొండగుడి మాత పండుగకు మెట్లెక్కేవాళ్ళలో ఇతర మతాలవాళ్ళూ ఉంటారు. ఎవరి విశ్వాసం వారిదే, మెట్ల మీద అలసినవాళ్ళకు నీళ్ళు అందించడానికి అది అడ్డు రాదు.

అపోహ: సందేహం వచ్చిందంటే విశ్వాసం పోయినట్టే.

వాస్తవం: తోమాను తోటి శిష్యులు వెళ్ళగొట్టలేదు. ఎనిమిది రోజుల తర్వాత కూడా అతను వాళ్ళతోనే ఉన్నాడు.

అపోహ: ప్రార్థన చేయించుకున్నాక మందులు వాడితే అవిశ్వాసం.

వాస్తవం: దీనికి మాత్రం మొహమాటం లేకుండా జవాబు చెప్పాలి. సువార్త రాసిన లూకా వైద్యుడు. తిమోతి కడుపుజబ్బుకు పౌలు ఆ కాలపు చిట్కా వైద్యమే చెప్పాడు తప్ప, నీకు విశ్వాసం తక్కువైందని నిందించలేదు. షుగరు మాత్రలు మానేస్తానని ఎవరైనా సాక్ష్యం చెబితే, చప్పట్లు కొట్టే ముందు పెద్దలు ఆపాలి. మర్నాడు కేజీహెచ్ ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం లైన్లో తోడు నిలబడేందుకు సంఘం నుంచి ఒక మనిషిని పంపాలి.