మల్లెతోటలోకి గొర్రెల మంద

మైలవరం: పచ్చగా ఉన్న మల్లెతోటలోకి యజమానే గొర్రెల మందను తోలితే కొత్తవారు కంగారుపడతారు. మల్లె సాగు తెలిసిన రైతుకు మాత్రం ఇది శీతకాలపు పనుల్లో ఒకటి. వేసవిలో విజయవాడకు మొగ్గలు దండిగా వెళ్లాలంటే చలికాలంలో తోట బోడిగా ఉండాల్సిందే.

మల్లె మొగ్గ ముదురు కొమ్మకు రాదు. కొత్త చిగురు చివరనే వస్తుంది. చలి రోజుల్లో చెట్టు ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడూ నీరు కడుతూ పోతే ఆకు నిలుస్తుందే తప్ప పూత రాదు, చెట్టుకు విశ్రాంతీ చిక్కదు. అందుకే నవంబరు నుంచి నీరు ఆపేస్తారు. ఆకు వాడాక గొర్రెలను మేపుతారు. మంద దొరక్కపోతే కూలీలతో దూయిస్తారు. నాటి ఏడాది దాటని మొక్కలను మాత్రం ఇలా ఎండబెట్టకూడదు.

ఆ తర్వాత కత్తిరింపు. నేలకు అడుగున్నర, రెండడుగుల ఎత్తున కొమ్మలు కోసి, ఎండుపుల్లలు, తెగులు సోకినవి, అడ్డదిడ్డంగా అల్లుకున్నవి తీసేయాలి. మొద్దు కొడవలితో నరికితే కొమ్మ చీలి కుళ్లుతుంది. పదునైన కత్తెరే మేలు. వెంటనే పాదులు తవ్వి, చెట్టుకు 10 కిలోల చొప్పున చివికిన పశువుల ఎరువు వేసి నీరు పెడితే చిగురు కదులుతుంది.

అసలు చిక్కు కత్తిరించే రోజు దగ్గరే. ముందుగా వచ్చే మొగ్గకు ధర పలుకుతుందన్న ఆశతో కొందరు కౌలుదారులు పైపైన కొసలు తుంచి వదిలేస్తారు. నాలుగు మొగ్గలు ముందొచ్చిన మాట నిజమే గానీ, పెళ్లిళ్ల నాటికి ఆ తోటలో ఏరేందుకు మిగిలేది తక్కువ. అలాగని ఊరంతా ఒకే వారంలో కత్తిరిస్తే పూతంతా ఒక్కసారే వచ్చి ధర పడిపోతుంది. తెల్లవారకముందే మొగ్గ కోసే కూలీలూ దొరకరు. తోటను రెండు ముక్కలు చేసి పది, పదిహేను రోజుల తేడాతో కత్తిరించడం చిన్న రైతుకు కాస్త ఊరట.

పెరటి మల్లెకూ ఇదే లెక్క. అంట్లు తోమే గట్టు పక్కన ఏడాది పొడవునా తడుస్తూ ఏపుగా పెరిగిన పొద పూయడం లేదని ఇల్లాళ్లు వాపోతుంటారు. ఆ నీటిని నెలరోజులు మరో పాదుకు మళ్లించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి చూడవచ్చు.