నొప్పి లేని నెత్తురు: మూత్రాశయంలో అరుదైన గడ్డలు



మూత్రంలో నెత్తురు పడిందని చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. చెప్పినా, "ఒంట్లో వేడి చేసింది హకీం సాబ్, చలవకేదైనా ఇవ్వండి" అంటారు. కొన్నేళ్ళ క్రితం ఒక మగ్గం కార్మికుడు ఇలాగే వచ్చాడు. వయసు యాభై దాటింది, బీడీ అలవాటు ఉంది. ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చిందట. నొప్పి లేదు, మంట లేదు. రాయి అయి ఉంటుందనుకుని షర్బత్-ఎ-బజూరీ, పల్లేరు కషాయం ఇచ్చాను. మూడు రోజుల్లో నెత్తురు ఆగింది. ఆయన సంతోషించాడు, నేనూ సంతోషించాను. అయిదు నెలలకు మళ్ళీ వచ్చాడు. అప్పుడు పెద్దాసుపత్రికి పంపాను. మూత్రాశయంలో గడ్డ అప్పటికే కండరంలోకి దిగింది.

ఆ నెత్తురు నా మందుతో ఆగలేదు. ఈ గడ్డల నుంచి నెత్తురు వస్తుంది, తనంతట తానే ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. ఆగిన రోజున చేతిలో ఏ మందు ఉంటే దానికి పేరొస్తుంది. పేరు నాకు దక్కింది, విలువైన నెలలు ఆయనకు పోయాయి. మీలో ఎవరికీ అలా జరగకూడదనే ఈ వారం ఈ విషయం రాస్తున్నాను.

ఖారూరా చెప్పేదెంత?

మా వైద్యంలో నాడి చూసినట్టే ఖారూరా, అంటే సీసాలో పట్టిన మూత్రం, చూడడం ముఖ్యం. రంగు, చిక్కదనం, వాసన, నురుగు, అడుగున దిగే మడ్డి చూడాలని ఇబ్నె సీనా తన 'అల్-ఖానూన్'లో వివరించాడు. కానీ సీసా నెత్తురుందని చెప్పగలదే గాని, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. బీట్‌రూట్ తిన్నా, క్షయకు వాడే రిఫాంపిసిన్ మింగినా మూత్రం ఎర్రబడుతుంది. అది నెత్తురో కాదో ల్యాబులో మూత్ర పరీక్షతో తేలిపోతుంది. నెత్తురేనని తేలితే, అది ఒక్కసారే పడినా సరే, యూరాలజిస్టును కలవండి. ఆడవారు నెలసరి నెత్తురనో, మూత్రంలో చీము అనో సరిపెట్టుకోవద్దు. నెత్తురు పలచబడే మాత్రలు వాడేవారు కూడా మాత్రల వల్లేనని ఊరుకోవద్దు.

అరుదైన రకాలు

మూత్రాశయంలో వచ్చే కాన్సర్లలో నూటికి 90 దాకా లోపలి పొరలో పుట్టే మామూలు రకమే. మిగిలినవి అరుదు. వాటికి వేర్వేరు గుర్తులుంటాయి.

మొదటిది స్క్వామస్ రకం. ఏళ్ళ తరబడి రాయి ఉన్నవారికి, మూత్రనాళంలో గొట్టం వేసుకుని ఉండేవారికి వచ్చే అవకాశం ఎక్కువ. ఈజిప్టులో నైలు నీళ్ళలోని బిల్హార్జియా క్రిమి వల్ల ఇది ఎక్కువగా కనిపించేది.

రెండవది యురాకస్ గడ్డ. తల్లి కడుపులో ఉండగా మూత్రాశయం పైభాగం నుంచి బొడ్డు దాకా ఒక గొట్టం ఉంటుంది. అది తర్వాత మూసుకుపోతుంది. దాని అవశేషంలో ఈ గడ్డ పుడుతుంది. కొందరికి మూత్రంలో జిగురు పడుతుంది.

మూడవది చిన్న కణాల రకం. చాలా వేగంగా పాకుతుంది.

నాలుగవది పారాగాంగ్లియోమా. మూత్రం పోసేటప్పుడు లేదా పోసిన వెంటనే గుండె దడ, చెమట, తలపోటు, ఒక్కొక్కసారి స్పృహ తప్పడం. గాలి సోకిందని తాయెత్తు కట్టించకండి. ఆ గడ్డ వదిలే రసాయనాల వల్ల రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

పరీక్షలు, చికిత్స

మూత్రం నిండుగా ఉన్నప్పుడు అల్ట్రాసౌండ్ తీస్తారు. చిన్న గడ్డలు అందులో తప్పిపోవచ్చు, కాబట్టి స్కానింగు బాగుందని అక్కడితో ఆగకూడదు. సన్నని దుర్బీనుతో లోపల చూసే సిస్టోస్కోపీ అసలు పరీక్ష. గడ్డ కనబడితే మూత్రమార్గం గుండానే గీకి తీసి, కండరం ముక్కతో సహా ల్యాబుకు పంపుతారు. ఏ రకమో, ఎంత లోతో చెప్పేది ఆ ముక్కే. పై నాలుగో రకం గుర్తులుంటే ముక్క తీయకముందే డాక్టరుకు చెప్పండి. ముందుగా రక్తంలో లేదా మూత్రంలో మెటానెఫ్రిన్ల పరీక్ష చేసి, రక్తపోటును మాత్రలతో అదుపులో పెట్టాకే గడ్డను ముట్టుకుంటారు. లేకపోతే బల్లమీదే ప్రమాదం.

రకాన్ని బట్టి చికిత్స మారుతుంది. పైపొరలోనే ఉన్న మామూలు రకానికి గీకి తీసి, అవసరమైతే మూత్రాశయంలోకి బి.సి.జి. మందు ఎక్కిస్తారు. స్క్వామస్ రకానికి ఆ మందు పనిచేయదు, సాధారణంగా మూత్రాశయం తీసివేయాల్సి వస్తుంది. యురాకస్ గడ్డకు మూత్రాశయం పైభాగాన్ని బొడ్డుతో సహా తీస్తారు. చిన్న కణాల రకానికి ముందు కీమోథెరపీ, తర్వాత ఆపరేషనో రేడియేషనో. మూత్రాశయం తీసేస్తే బతుకు ముగిసినట్టు కాదు. పేగు ముక్కతో కొత్త దారి కట్టి, పొట్టమీద సంచీ అమరుస్తారు. కొందరికి పేగుతోనే కొత్త మూత్రాశయం కడతారు.

మన మందుల గురించి ఒక హెచ్చరిక

పొగాకు ఈ జబ్బుకు పెద్ద కారణం. దాని విషం రక్తం నుంచి మూత్రంలో చేరి గంటల తరబడి మూత్రాశయంలో నిలుస్తుంది. రంగుల కార్ఖానాలలో పనిచేసేవారికీ ముప్పుందని 1895లోనే జర్మనీలో డాక్టర్ రేన్ చెప్పాడు. షోలాపూరు, భివండీలలో నూలుకు రంగులద్దే పని చేసిన మనవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇక మా వైపు తప్పు. యునానీలో జరావంద్ అనీ, పల్లెల్లో నల్ల ఈశ్వరి, గాడిదగడప అనీ పిలిచే మొక్కలు ఒకే జాతివి. వాటిలోని ఆమ్లం కిడ్నీలను పాడుచేసి, మూత్రమార్గంలో కాన్సర్ తెస్తుంది. 1990లలో బెల్జియంలో బరువు తగ్గే మందులో ఆ జాతి మొక్క కలిసి ఎందరో ఆడవారి కిడ్నీలు పోయాయి. తర్వాత కొందరికి మూత్రనాళాల్లో కాన్సర్ వచ్చింది. పాత గ్రంథంలో ఉందని ఇవి ఎవరిచ్చినా మింగకండి, నేనిచ్చినా సరే.

మరి హకీం చేయగలిగిందేమిటి? ఆపరేషను తర్వాత ఆకలికి, విరేచనం సాఫీగా కావడానికి, నిద్రకు సాయపడగలం. అదీ డాక్టరుకు చెప్పి మాత్రమే. గడ్డను కరిగిస్తామనే వాడి దగ్గర కూర్చోవద్దు. ఈ జబ్బు మళ్ళీ తలెత్తే రకం, కాబట్టి బాగయ్యాక కూడా ఇచ్చిన తేదీకి పరీక్షకు వెళ్ళండి.

నెత్తురు ఆగిందని తేదీ వాయిదా వేయకండి. ఇప్పుడు నా దగ్గరకు ఎవరైనా ఎర్రటి సీసాతో వస్తే, షర్బత్ చీటీ కంటే ముందు ఆసుపత్రి చీటీ రాస్తున్నాను.