అంగడివాని మాట

వస్తువును కొనువాడు వస్తువుతో బాటు అమ్మువాని మాటను గూడ కొనుచున్నాడు. ఈ సత్యము బట్టల వర్తకమునందు తెలిసినంత స్పష్టముగా మఱియొకచోట తెలియదు. బంగారమునకు గీటురాయి కలదు. ధాన్యమునకు కొలపాత్ర కలదు. నేతచీరకు మాత్రము సామాన్య కుటుంబీకునికి అంగడివాని మాటయే గీటురాయి.

మన పెద్దలెఱిగిన బట్టల వర్తకుడు మూట విప్పి, కొంగు పఱచి, చీరను తిరుగవేసి చూపెడివాడు. రంగు నిలుచునా యని యడిగిన బదులు చెప్పెడివాడు. "ఇది పెండ్లికి తగును, ఇది నిత్యము కట్టుటకు చాలును" అని యింటి తాహతెఱిగి పలికెడివాడు. అట్టివారందఱును సత్యసంధులేయని మేమనము. గజమును కుఱుచ చేసినవారును ఉండిరి. అయినను బాకీ వసూలునకు కోతలనాటికి మరల అదే గడప త్రొక్కవలసినవాడగుటచే అతడు అబద్ధమునకు జంకెడివాడు. మోసపోయినవారికి నిలువదీయుటకు ఒక మనుష్యుడు కనుపించెడివాడు.

నేడు అంగడి అరచేతిలోనికి వచ్చినది. 2016లో యూపీఐ ప్రారంభమైన పిదప పైకము చెల్లించుటయు క్షణకార్యమైనది. దీనిని మేము నిందింపము. పోచంపల్లిలో మగ్గముమీద దిగిన చీరను దళారి ప్రమేయము లేకయే దూరదేశమందలి తెలుగు గృహిణి కొనగలుగుట నేతగానికి మేలే గదా! కాని ఫోను తెఱ చీర యందమును చూపునే గాని, దాని పుట్టుక నెఱిగింపజాలదు.

ఇక్కత్తు నేతలో నూలును ముందుగా ముడులు కట్టి, రంగులలో ముంచి, తరువాత నేయుదురు. అందుచే చిత్రము బట్టకు ఇరువైపులను కనుపించును. అచ్చువేసిన బట్టకు సాధారణముగా లోపలివైపున రంగు వెలవెలబోవును. ఒక్కమాఱు తిరుగవేసిన తేటపడు ఈ భేదము తెఱమీది బొమ్మలో మాయమగుచున్నది. పోచంపల్లి ఇక్కత్తునకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించెను. 2006లో చేనేత గుర్తు ఏర్పడెను. అయినను ఇక్కత్తు పేరు పెట్టుకొని అచ్చుబట్ట అమ్ముడుపోవుచునే యున్నది. కొన్నవాడు నష్టపోవునది ఒక చీర మూల్యము; నేతగాడు నష్టపోవునది దినములకొలది చేసిన కష్టమునకు రావలసిన కూలి. 2019-20 చేనేత గణన ప్రకారము ఈ వృత్తిపై ఆధారపడిన పనివారు దేశమున 35 లక్షలకు పైగా కలరు.

శాసనము లేకపోలేదు. 2020 నాటి నిబంధనల ననుసరించి, ఈ యంత్రపు టంగళ్లవారు ఫిర్యాదు అందిన 48 గంటలలో అందినట్లు తెలిపి, నెలలోపల దానిని పరిష్కరింపవలెను. ఇది మంచిదే. కాని శాసనము మోసము జరిగిన పిమ్మట వచ్చును. అమ్మువాని మాట ముందే రావలెను.

కావున వర్తకులకును, చేనేత సహకార సంఘములకును మా మనవి యొక్కటే. తెఱమీద చీర ముందువైపును చూపినట్లే వెనుకవైపును చూపుడు. మగ్గపు నేతయో, మరమగ్గపు నేతయో, అచ్చువేసినదో దాచక వ్రాయుడు. నేసిన యూరి పేరు చెప్పుడు. అడిగినవారికి యంత్రముచేత గాక మనుష్యునిచేత బదులిప్పింపుడు. కొనువారును చౌకకు లొంగిపోక, ఈ ప్రశ్నలడుగుట నేర్వవలెను.

1905 ఆగస్టు 7న కలకత్తాలో ఆరంభమైన స్వదేశీ ఉద్యమమునకు స్మారకముగా 2015 నుండి ఆ దినమున జాతీయ చేనేత దినము జరుపబడుచున్నది. ఆనాటి ఉద్యమము పెంచిన దీక్షతో, తరువాతి కాలమున దేశభక్తులు ఖద్దరు మూటలు భుజాన మోసి ఇంటింటికి తిరిగిరి. వారమ్మినది ముతకబట్ట, దానిని కొనిపించినది వారి మాటమీది నమ్మకము. మూట మోయు శ్రమను నేడు యంత్రము తప్పించినది. మాట నిలుపుకొను భారమును మాత్రము అది మోయజాలదు. దానిని అమ్మువాడే మోయవలెను.