సందడి లేని దీవికి... తిథి చూసి వెళ్లాలి!

‘‘సముద్రం ఏదమ్మాయ్?’’

పెట్టెలింకా గదిలోకి చేర్చనే లేదు. వరండాలో నిలబడి మా అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న అది. బయటికొచ్చి చూస్తే నిజమే... సముద్రం లేదు! ఇంటర్నెట్‌లో ఫొటో చూసి గదులు తీసుకున్నప్పుడు మెట్లకు తగులుతూ నీలం నీళ్లున్నాయి. ఇప్పుడు అవే మెట్ల ముందు బూడిదరంగు బురద, నాచు పట్టిన రాళ్లు, ఓ పక్కకి ఒరిగిపోయిన పొడుగు పడవ. నీళ్లు ఎక్కడో దూరంగా గీత గీసినట్టున్నాయి.

2025 జనవరి 13, భోగి. సాయంత్రం నాలుగు గంటలు. థాయ్‌లాండ్‌లో ఫుకెట్‌కీ క్రాబీకీ మధ్య, ఫంగా అఖాతంలో ఉన్న కో యావ్ నోయ్ అనే దీవి. ‘కో’ అంటే దీవి, ‘యావ్’ అంటే పొడవు, ‘నోయ్’ అంటే చిన్న. దీనికో పెద్దక్క ఉంది... కో యావ్ యాయ్. ఫుకెట్, ఫిఫీ దీవుల జనసందోహం వద్దనుకుని, ‘ఎవరూ వెళ్లని చోటికి వెళ్దాం’ అని నేనే పట్టుబట్టి తీసుకొచ్చాను. ‘పండగపూట ఇల్లొదిలి పరాయి దేశమా’ అని అత్తయ్య సణుగుతూనే వచ్చారు. రాగానే ఇదీ సంగతి!

మావారు నావైపు చూసిన చూపులో ‘బుక్ చేసింది నువ్వేగా’ అన్న మాట స్పష్టంగా వినిపించింది. నేనింకా ఆ సిగ్గులోనే ఉన్నాను. అత్తయ్య మాత్రం వేరే ధ్యాసలో ఉన్నారు. పిల్లలిద్దరి చేతులూ గట్టిగా పట్టుకుని, ‘‘ఇక్కడ వద్దు. ఎత్తుమీదికి పోదాం పదండి’’ అన్నారు. గొంతు వణుకుతోంది.

అప్పుడర్థమైంది. అత్తయ్యది బందరు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన ఆదివారం నాడు వాళ్ల వీధిలోవాళ్లు కొందరు మంగినపూడికి సముద్రస్నానాలకని వెళ్లారు. అందరూ తిరిగిరాలేదు. ఆరోజు పౌర్ణమి. మేం దిగిన రోజూ పౌర్ణమే. సునామీ ముందు సముద్రం వెనక్కిపోతుందని టీవీల్లో అన్నేళ్లుగా విన్న మనిషికి, బురద తేలిన ఆ తీరం చూస్తే ఇంకేం గుర్తొస్తుంది?

ఆవిడ భయం ఉత్తిదే అనడానికీ లేదు. ఆరోజు సుమత్రా దగ్గర భూకంపం వచ్చాక మన తీరం వైపు ముందు అల ఉబికి వచ్చింది. థాయ్‌లాండ్ వైపు మాత్రం ముందు సముద్రం వెనక్కి తీసింది. ఫుకెట్ విమానాశ్రయం పక్కనే ఉన్న మాయ్ ఖావ్ బీచ్‌లో పదేళ్ల ఇంగ్లిష్ అమ్మాయి టిల్లీ స్మిత్ దాన్ని గుర్తుపట్టి అందరినీ పరిగెత్తించింది కూడా. బడిలో రెండువారాల ముందే ఆ పాఠం విన్నదట. అయితే తేడా ఒకటుంది. సునామీ ముందు నీళ్లు నిమిషాల్లో పోతాయి. ఆటుకి పోయేందుకు ఆరు గంటలు పడుతుంది. ఇది మావారు ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు.

ఎక్కించింది ఆ ఊరి ఆడవాళ్లు. తలకు గుడ్డ చుట్టుకున్న నలుగురు, చేతిలో బకెట్లతో తాపీగా కబుర్లాడుకుంటూ మా ముందునుంచే ఆ బురదలోకి నడిచిపోయారు. వంగి నత్తలూ గుల్లలూ ఏరడం మొదలుపెట్టారు. వెనక ఓ చిన్నపిల్ల గెంతుకుంటూ వెళ్లింది. గదుల యజమానురాలు వచ్చి గోడగడియారంలో పది అంకె చూపించి, చేత్తో పై మెట్టు చూపించి నవ్వింది. రాత్రి పదికి నీళ్లు ఇక్కడిదాకా వస్తాయని! అత్తయ్య పిల్లల చేతులు వదిలారు. ‘‘ఆటా ఇది! ఇంత ఆటు నేనెక్కడా చూడలేదు’’ అన్నారు.

బందరులో చూడకపోవడం సహజమే. ఫంగా అఖాతం లోతు తక్కువ. పౌర్ణమి, అమావాస్యలకి పోటుకీ ఆటుకీ మధ్య తేడా రెండున్నర మీటర్లు దాటుతుంది. నేల చదునుగా ఉండటంతో నీళ్లు కాస్త దిగినా చాలా దూరం పోయినట్టు కనిపిస్తాయి. కో యావ్ నోయ్‌లో హోటళ్లన్నీ దాదాపు తూర్పు తీరంలోనే ఉన్నాయి, ఆ తీరమంతా ఇంతే. రోజులో కొన్ని గంటలే ఈతకు వీలు. ఈ దీవి సద్దుమణిగి ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదేనని రెండోరోజుకిగానీ నాకు తెలియలేదు. రోజంతా ఈత కొట్టాలనుకునేవాళ్లు ఇక్కడికి రారు మరి!

అసలు ‘ప్రశాంతమైన దీవి’ అని వెతికేటప్పుడు మనం అడగాల్సిన మొదటి ప్రశ్న అది... అక్కడికి జనం ఎందుకు వెళ్లడం లేదు? అందానికేం తక్కువ ఉండదు. ఇంకేదో తక్కువ ఉంటుంది. ఒకచోట నీళ్లు, ఒకచోట పడవలు, ఒకచోట ఆసుపత్రి. ఆ తక్కువ మన ఇంట్లోవాళ్లు భరించగలిగేదా కాదా అన్నదే లెక్క.

మన సెలవులు... వాళ్ల వానలు

అన్నిటికంటే పెద్ద చిక్కు మన బడి సెలవులు. ఫుకెట్, క్రాబీ, లంతా, యావ్... ఇవన్నీ అండమాన్ సముద్రం వైపు దీవులు. మనకు వాన తెచ్చే నైరుతి రుతుపవనాలే వీటికీ వాన తెస్తాయి. మే నుంచి అక్టోబరు దాకా ముసురు, ఎగసిపడే అలలు. ఆ నెలల్లో చిన్న దీవుల్లో చాలా హోటళ్లు తలుపులు వేసేస్తాయి, పడవలు తగ్గిపోతాయి. పడమటి తీరాల్లో ఎర్రజెండా ఎగురుతుంటే నీళ్లలో కాలు పెట్టకూడదు. ‘సగం ధరకే గది’ అని ఆశపడి వేసవి సెలవుల్లో వెళ్లి గదిలో కూర్చుని వాన చూసొచ్చినవాళ్లు మాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు.

వేసవిలోనే కుదురుతుందంటే అటు తూర్పున థాయ్‌లాండ్ అఖాతం వైపు చూడాలి. సముయ్, ఫంగాన్ దీవులకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే, జూన్లలో అక్కడ సముద్రం నయం. ఫంగాన్ అనగానే పున్నమి రాత్రి పార్టీలే గుర్తొస్తాయిగానీ, ఆ గోలంతా దక్షిణ కొసన హాద్ రిన్‌లోనే. ఉత్తరం వైపు పిల్లలతో హాయిగా ఉండొచ్చు. అండమాన్ వైపు వెళ్లాలంటే క్రిస్మస్, సంక్రాంతి సెలవులే సరైనవి. దసరా సెలవులు మాత్రం రెండిటికీ పెద్దగా అచ్చిరావు.

తూటికూర దొరికింది!

మేం దిగింది సోమవారం. పైగా పండగ. అత్తయ్య నీచు ముట్టరు. థాయ్ వంటలో కూరగాయల వేపుడులోనూ చేపల పులుసు సారం ‘నామ్ ప్లా’ పడుతుంది, లేదంటే ఆల్చిప్పల సాసు. ‘వెజిటేరియన్’ అని చెబితే మాంసం ముక్కలు మానేస్తారు, సాసు మానరు. నేర్చుకోవాల్సిన మాట ‘మై సై నామ్ ప్లా’, అంటే ‘చేపల సాసు వేయొద్దు’. పెద్ద ఊళ్లలో పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో ‘జే’ అని రాసున్న హోటళ్లలో పూర్తి శాకాహారం ఉంటుంది. ఈ దీవిలో అలాంటివి మా కంటపడలేదు. ఊరిజనం ఎక్కువమంది ముస్లింలు. మా యజమానురాలు అత్తయ్యని వంటింట్లోకే తీసుకెళ్లి, ఏంకావాలో చూపించమంది. కాడలు నవనవలాడుతున్న ఆకుకూర కట్ట చూసి అత్తయ్య మొహం వెలిగింది. ‘‘ఇది మన తూటికూరే కదూ!’’ అక్కడ దాన్ని ‘ఫక్ బుంగ్’ అంటారు. వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు, ఉప్పు... అంతే. వేడివేడి అన్నంలోకి భోగినాటి భోజనం అదే. చివర్లో అరటిపండు మడిచి కాల్చిన రొట్టె. దాన్ని వాళ్లూ ‘రోటీ’ అనే అంటారు.

తిని బయటికొచ్చేసరికి క్రాబీ వైపు సున్నపురాయి కొండల మీదికి చంద్రుడు ఎక్కేశాడు. తొమ్మిదిన్నరకల్లా ఒరిగి పడుకున్న పడవ లేచి నిలబడింది. పదికి పై మెట్టు తడిసింది. అత్తయ్య వెళ్లి ఆ నీళ్లు నెత్తిన చల్లుకుని వచ్చారు. సముద్రంలోకి ఆవిడ కాలు పెట్టడం ఇరవయ్యేళ్లలో అదే మొదటిసారని తర్వాత మావారు చెప్పారు.

మర్నాటి నుంచి మా ప్రయాణాల టైంటేబులు ఆవిడదే. గోడకున్న ఆటుపోట్ల క్యాలెండరు మన పంచాంగంలా వంటబట్టేసింది. పోటు రోజూ ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అది లెక్కవేసి ‘ఇప్పుడు ఈత, ఇప్పుడు పీతలు’ అని పిల్లలకి చెప్పేవారు. మా ఆరేళ్లదానికైతే ఈతకంటే బురదే నచ్చింది. గుల్ల మోసుకుని పరుగెత్తే సన్యాసి పీతల్ని గంటలకొద్దీ చూసేది.

సముద్రం లేని వేళల్లో చూడ్డానికి దీవిలో చాలా ఉంది. మధ్యలో వరిచేలు, గేదెలు, రబ్బరు తోటలు. తెల్లవారకముందే రబ్బరు చెట్లకు గాటు పెట్టి పాలు పడతారు, పలకలుగా ఒత్తి దండేలమీద ఆరేస్తారు. కొబ్బరిచెట్ల మధ్య పెద్ద ముక్కుల హార్న్‌బిల్ పక్షులు జంటలుగా ఎగురుతుంటాయి. తిరగడానికి ‘సాంగ్‌తేవ్’ బండ్లు. ఆ మాటకు అర్థం ‘రెండు వరుసలు’ అని. ఎదురెదురు బల్లలున్న మన ట్రక్కర్లే అనుకోండి. స్కూటరు అద్దెకిస్తారుగానీ మేం తీసుకోలేదు. అక్కడ చెల్లే లైసెన్సు లేకుండా నడిపి పడితే బీమా రూపాయి కూడా రాదు.

ఈ ఊరివాళ్ల గురించి ఒకమాట చెప్పకుండా ఉండలేను. పెద్ద ట్రాలర్లు తీరానికి 3 కిలోమీటర్లలోపు రాకూడదని చట్టమున్నా, వచ్చి చేపపిల్లలతో సహా ఊడ్చుకుపోతుంటే ఇక్కడి చిన్న జాలర్లు కలిసికట్టుగా పోరాడారు. ఆ గొడవ బయటివాళ్లకు తెలియాలనే 1990లలో పర్యాటకుల్ని తమ ఇళ్లలో ఉంచుకోవడం మొదలుపెట్టారు. కన్జర్వేషన్ ఇంటర్నేషనల్, నేషనల్ జియోగ్రఫిక్ ట్రావెలర్ కలిసిచ్చిన వరల్డ్ లెగసీ అవార్డు 2002లో వీళ్లకి వచ్చింది. ఇప్పటికీ వాళ్ల ఇళ్లలో ఉండొచ్చు. ఊళ్లో మాత్రం ఈత దుస్తులతో తిరగకూడదు. ఊరి హోటళ్లలో మద్యం అమ్మరు. మాకు అది ఇబ్బంది అనిపించలేదు సరికదా, పిల్లలతో రాత్రిపూట నడవడానికి హాయిగా ఉంది.

పటం ముందు కూర్చుంటే...

ఇలాంటి దీవి ఎంచుకునేటప్పుడు ఆసుపత్రి ఎంతదూరమో ముందు చూడాలి. కో యావ్ నోయ్‌లో చిన్న ఆసుపత్రి, ఏటీఎం, ఓ సెవెన్ ఎలెవెన్ దుకాణం ఉన్నాయి. పెద్ద జబ్బయితే పడవెక్కి ఫుకెట్ వెళ్లాల్సిందే. ఫుకెట్‌లోని బాంగ్ రోంగ్ రేవు నుంచి స్పీడ్‌బోటులో అరగంటే ప్రయాణం. కానీ చీకటిపడితే పడవలుండవు. కాబట్టి విమానం మధ్యాహ్నంలోపు దిగేలా చూసుకోవాలి. జెల్లీఫిష్ కుడితే వెంటనే పోయడానికి వెనిగర్ సీసా దగ్గరుంచుకోమంటారు అక్కడివాళ్లు.

ఈతే ముఖ్యమనుకుంటే కో లంతా మేలు. పడమటి వైపు పొడవాటి ఇసుక తీరాలు, ఆటులోనూ నీళ్లు అందుతాయి. లంతా నోయ్, లంతా యాయ్ దీవుల మధ్య 2016లో వంతెన వచ్చింది. కో మూక్‌లోని మరకత గుహ చాలా ప్రసిద్ధి. అయితే చీకటి సొరంగంలో ఈదుకుంటూ వెళ్లాలి. చిన్నపిల్లలున్న ఇంటికి నేనైతే సలహా ఇవ్వను. తూర్పు కొసన త్రాత్ వైపు కో మాక్, కో కూద్ దీవులు నిజంగా నిశ్శబ్దమే. కానీ బ్యాంకాక్ నుంచి దాదాపు రోజంతా ప్రయాణం. 2025 జులైలో కంబోడియాతో ఘర్షణలు ఆ జిల్లా దాకా పాకాయి కూడా. వెళ్లేముందు పరిస్థితి కనుక్కోవాలి.

ఫిఫీలోని మాయా బే చూడాలని మా పదేళ్లవాడు గోలపెట్టాడు. 2000లో వచ్చిన ‘ద బీచ్’ సినిమాతో పేరు మోగి, జనం తొక్కిడికి పగడపు దిబ్బలు పాడైపోతే 2018లో మూసేశారు. 2022 జనవరిలో తెరిచినా, అక్కడ ఈత నిషేధం. ‘చూడొచ్చు, దిగకూడదు’ అనగానే వాడి గోల ఆగింది. బదులుగా పొడుగు పడవలో కో హోంగ్ వెళ్లాం. కొండల మధ్య చెరువులాంటి నీళ్లు. అక్కడికీ ఫుకెట్, క్రాబీల నుంచి పడవలు బారులు తీరతాయి. మా దీవి నుంచి దగ్గర కాబట్టి పొద్దున్నే చేరిపోయాం.

వీసా సంగతి: భారతీయులకు 2023 నవంబరులో వీసా అక్కర్లేకుండా చేశారు, 2024 జులైలో గడువు 60 రోజులకు పెంచారు. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి, టికెట్లు కొనేముందు రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూడండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దానికి రుసుం లేదు, డబ్బడిగితే అది ప్రభుత్వ సైటు కాదన్నమాట. మేం బ్యాంకాక్ మీదుగా తిరిగి వెళ్లాం. మేమొచ్చేసిన రెండువారాలకే హైదరాబాద్ నుంచి ఫుకెట్‌కి నేరుగా విమానం మొదలైంది. మా అదృష్టం అలాంటిది!

ఇక తిథి విషయం. సప్తమి, అష్టమి తర్వాత ఒకటి రెండు రోజులు ఆటుపోట్ల తేడా బాగా తక్కువ. సముద్రం మరీ దూరం పోదు, ఈతకు ఎక్కువ సమయం దొరుకుతుంది. అంటే ప్రయాణానికి పనికిరావని మనవాళ్లు వదిలేసే అష్టమి, నవములే ఈ అఖాతంలో మంచి రోజులు. ఈ సంగతి తిరుగు పడవలో చెబితే అత్తయ్య ససేమిరా ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక పంచాంగం తీసి చాలాసేపు వేళ్లమీద లెక్కేశారు.

‘‘దశమినాడు బయల్దేరదాం అమ్మాయ్. పనికొచ్చే రోజు. ద్వాదశి దాకా సముద్రం పెద్దగా కదల్దు కదా’’ అన్నారు.