వకుళ: కథలో ముందు, పిలుపులో వెనక

తిరుపతికీ చంద్రగిరికీ నడుమ పేరూరు దగ్గర ఒక బండ ఉంది. దాని మీద వకుళమాత గుడి. శ్రీనివాసుణ్ణి కన్నకొడుకులా సాకిన తల్లి ఆమె. మా వైపు పద్మావతి లేని వీధి ఉండదు, వెంకటేశులకైతే లెక్కే లేదు. ఆ శ్రీనివాసుడి కథలోనే అంత పెద్ద పాత్ర ఉన్న వకుళ పేరు మాత్రం ఎప్పుడో ఒకసారి గానీ చెవిన పడదు. పడినప్పుడల్లా నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. ఆ పేరు చుట్టూ అల్లుకున్న విశేషాలు ఇవి. పనిలో పనిగా చంద్రగిరి చుట్టుపక్కల పేర్ల ముచ్చట్లూ కొన్ని.

వేంకటాచల మాహాత్మ్యం చెప్పే కథలో వకుళ పూర్వజన్మలో యశోద. కృష్ణుణ్ణి పెంచి పెద్దచేసింది గానీ అతని పెళ్ళిళ్ళలో ఒక్కటీ కళ్ళారా చూడలేదు. ఆ కొరత ఇంకో జన్మలో తీరుస్తానని కృష్ణుడు మాటిచ్చాడు. పుట్టలో దాగిన శ్రీనివాసుడికి గొడ్డలి దెబ్బ తగిలినప్పుడు వరాహస్వామి చోటిచ్చి, ఆయన బాగోగులు చూడమని వకుళకు అప్పగించాడు. నారాయణవనం వెళ్ళి ఆకాశరాజు ఇంట పిల్లనడిగింది ఆమే. పెళ్ళయ్యాక కొత్త జంట ఆరు నెలలు కొండెక్కకూడదని ఆగిన చోటు చంద్రగిరి పక్కనున్న శ్రీనివాసమంగాపురం. ఇప్పటికీ పెళ్ళి కుదరనివాళ్ళు అక్కడికి వచ్చి స్వామికి కల్యాణం చేయిస్తారు. ఆ సంబంధం మాట్లాడిన మనిషి పేరు మాత్రం వాళ్ళలో ఎంతమందికి గుర్తుకొస్తుందో!

తిరుమల ఆలయంలో వంటశాలను పోటు అంటారు. అక్కడ కొడుకు కోసం వండే నైవేద్యాలను వకుళమ్మే దగ్గరుండి చూసుకుంటుందని నమ్మకం.

వకుళమంటే పొగడ. చిన్న నక్షత్రాల్లాంటి పూలు, తెల్లవారేసరికి చెట్టు కింద రాలి ఉంటాయి. మిగతా పూలు వాడగానే వాసన పోతుంది. పొగడపూలు ఎండిపోయి గోధుమరంగుకు తిరిగినా పరిమళం వదలవు. అందుకే వాటిని దండ గుచ్చి బట్టల మధ్య దాచుకునేవాళ్ళు. అందగత్తె పుక్కిలించిన మద్యం చిలకరిస్తేనే వకుళం పూస్తుందని సంస్కృత కవుల కవిసమయం. శాస్త్రజ్ఞులు ఈ చెట్టును మైముసాప్స్ ఎలెంజి అంటారు. అందులోని ఎలెంజి మలయాళీలు ఆ చెట్టును పిలుచుకునే పేరే. 1753లో లిన్నేయస్ తన వృక్షనామాల పుస్తకంలో దాన్ని అలాగే ఉంచాడు.

వకుళ మనకు ఆడపిల్ల పేరు. గుజరాత్‌లో అదే బకుల్, అక్కడ మగవాడి పేరు. బెంగాల్ వెళితే మళ్ళీ ఆడపిల్లే. ఆశాపూర్ణాదేవి మూడు తరాల ఆడవాళ్ళ మీద రాసిన నవలాత్రయంలో చివరిది బకుల్ కథ. అందులో బకుల్ రచయిత్రి. లడాఖ్‌లో అయితే ఈ పేరు విమానాశ్రయం మీదకెక్కింది. లేహ్‌లో దిగేవాళ్ళు కుషోక్ బకుల రింపోచే విమానాశ్రయంలో దిగుతారు. బుద్ధుడి శిష్యుల్లో బకులుడనే అర్హతుడు ఒకడు. ఆయన అవతారపరంపరలో వచ్చినవాడని లడాఖ్ ప్రజలు కొలిచే గురువు ఈ రింపోచే. పార్లమెంటు సభ్యుడిగా, 1990 నుంచి పదేళ్ళు మంగోలియాలో భారత రాయబారిగా పనిచేశాడు. పేరూరు బండకూ లేహ్ లోయకూ ఎంత దూరం! పేరు ఒక్కటే.

తమిళనాట వైష్ణవ భక్తకవి నమ్మాళ్వార్ మెడలో ఎప్పుడూ పొగడదండే. అందుకే ఆయన వకుళాభరణుడు. తెలుగువాళ్ళలో వకుళాభరణం అనే ఇంటిపేరు ఉంది. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్తల్లో పద్నాలుగోది వకుళాభరణం. గుళ్ళో మన నెత్తిన పెట్టే శఠగోపం కూడా ఆ ఆళ్వార్ పేరే. వైష్ణవ కుటుంబాల్లో శఠగోపన్ అని పిల్లలకు పెట్టుకుంటారు.

సినిమాలో వకుళ ఎవరంటే పెద్దవాళ్ళు వెంటనే చెప్పే పేరు శాంతకుమారి. 1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మహత్యంలో రామారావు శ్రీనివాసుడు, ఆమె వకుళమాత. అదే కథను దర్శకుడు పి. పుల్లయ్య 1939లోనే ఒకసారి తీశాడు. అప్పుడు స్వామి వేషం సి.యస్.ఆర్. ఆంజనేయులుది, పద్మావతి వేషం శాంతకుమారిది. ఒక కథలో ఒకసారి కోడలు, ఇరవై ఒక్క ఏళ్ళకు అత్త. ఆ పుల్లయ్య ఆమె భర్తే.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఒకే కథలో పుట్టిన పేర్లలో కొన్ని ఇంటింటికీ ఎలా చేరాయి, కొన్ని ఎందుకు ఆగిపోయాయి? పద్మావతికి తిరుచానూరు ఉంది. ఆ అమ్మకే అలమేలుమంగ అని ఇంకో పేరు. దాంట్లోంచి అలివేలు, అలమేలు, మంగమ్మ, మంగ అని నాలుగు పాయలు పారాయి. పద్మావతి తల్లి ధరణీదేవి పేరు చాలాకాలం పుస్తకాల్లోనే ఉండి, ఈ మధ్య ధరణి అని కొత్త పేరులా తిరిగొచ్చింది. ఆకాశరాజు, ఆయన కొడుకు వసుదానుడు పురాణం దాటి బయటికి రాలేదు. ఆకాశరాజు తమ్ముడు తొండమానుడు శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడు అనే ఊరి పేరులో మిగిలాడు.

నా మటుకు నాకు తోచే కారణం మొక్కు. మా సీమలో పేరు పెట్టడమంటే ముచ్చట తీర్చుకోవడం కాదు, బాకీ తీర్చుకోవడం. ఏ దేవుడికి మొక్కితే బిడ్డ కలిగిందో, జబ్బు నయమైందో, ఆ దేవుడి పేరు బిడ్డకు రావాలి. మొక్కాలంటే గుడి ఉండాలి, గుడిలో దీపం వెలగాలి. వకుళమాత గుడి తరాల తరబడి శిథిలంగా పడి ఉంది. చుట్టూ ఉన్న కొండను రాయి కోసం తవ్వుతుంటే భక్తులు కోర్టుకెక్కాల్సి వచ్చింది. గుడి మళ్ళీ లేచి, మహాసంప్రోక్షణ జరిగింది 2022 జూన్ 23న. అంతకాలం దీపం లేని తల్లికి మొక్కిందెవరు, ఆమె పేరు పెట్టుకునేదెవరు?

మొక్కు బలం చూడాలంటే ముని పేర్లు చూడాలి. మునెమ్మ, మునస్వామి, మునిరత్నం, మునిరాజు, మునిలక్ష్మి, మునికృష్ణ, మునిశేఖర్. గోదావరి జిల్లాల వాళ్ళు ఈ పేర్లు వింటే ఏ ఊరని అడగకుండానే చిత్తూరు అనేస్తారు. మునీశ్వరుడు ఊరికి కావలి దేవుడు. చాలాచోట్ల గోపురం ఉండదు, విగ్రహమూ ఉండదు. చెట్టు కింద ఒక రాయి, దానికి పసుపూ కుంకుమా. ఆ రాయికి మొక్కుకున్న తల్లులు ఎన్ని వేలమందో ఈ పేర్లే చెబుతాయి. కొందరికి ఈ పేరు ఇంకో దారిలోనూ వచ్చింది. దివ్యప్రబంధాన్ని సేకరించి కూర్చిన వైష్ణవాచార్యుడు నాథముని తిరుపతి నోట నాదముని అయ్యాడు. ఒక ముని చెట్టు కింది నుంచి, ఇంకో ముని గుడి లోపలి నుంచి వచ్చి ఒకే బడిలో పక్కపక్కన కూర్చున్నారు.

మా సాహిత్యమూ ఈ పేరును వదల్లేదు. డాక్టర్ కేశవరెడ్డి నవల పేరే మునెమ్మ. నామిని రాసిన పుస్తకం మునికన్నడి సేద్యం.

ఈ పేర్ల పట్టీ చిత్తూరుతో ఆగదు. కోలారు, హోసూరు, వేలూరు మీదుగా మద్రాసు దాకా ఉంటుంది. కోలారు నుంచి ఏడుసార్లు లోక్‌సభకు గెలిచిన నాయకుడు మునియప్ప. సముద్రం కూడా దాటింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి కుదిరిన కూలీల మొదటి ఓడ అది. తర్వాత యాభై ఏళ్ళపాటు మా ఉత్తరార్కాటు పల్లెల నుంచీ జనం వెళుతూనే ఉన్నారు. తండ్రి పేరును దొరలు ఇంటిపేరుగా రాసుకోవడంతో మునస్వామి అక్కడ మున్‌సామి, మూన్‌సామి అయి, తరతరాలకూ ఇంటిపేరుగా నిలిచిపోయాడు. అమ్మ తెలుగు మరిచిన మునిమనవళ్ళ సంతకంలో కూడా చెట్టు కింది దేవుడు ఉన్నాడు.

మురుగన్‌కు మా పెద్దలు పెట్టుకున్న ముద్దుపేరు చెంగల్రాయుడు. తిరుత్తణి స్వామి చెంగల్వరాయుడు, అంటే చెంగల్వ పూల దొర. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిపోయింది. కొండ అటుపోయినా చెంగల్రాయులు ఇటే ఉండిపోయారు.

అరుదైన పేరంటే చంద్రగిరి మండలం నారావారిపల్లెను చెప్పుకోకుండా ఉండలేం. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి తండ్రి నారా ఖర్జూర నాయుడు, తల్లి అమ్మణ్ణమ్మ. పండు పేరు మగవాడికి పెట్టడం తెలుగునాట బహు అరుదు. కొడుకు 1978లో తొలిసారి ఎమ్మెల్యే అయింది ఈ చంద్రగిరి నుంచే.

తిరుమల అనే మాటను జనం నోరు తిమ్మ అని నున్నగా చేసుకుంది. తిమ్మన్న, తిమ్మప్ప, తిమ్మరాజు అలా వచ్చినవే. అన్నమయ్య ఇంటి పేర్లు చూడండి. భార్య తిమ్మక్క తెలుగులో తొలి కవయిత్రిగా పేరు పొందింది. కొడుకు పెదతిరుమలయ్య, మనవడు చినతిరుమలయ్య. శ్రీనివాసమంగాపురం గుడిలో ఆగిన పూజలను 1540లో మళ్ళీ మొదలుపెట్టించింది ఈ చినతిరుమలయ్యే. తరిగొండ వెంగమాంబ పేరులోనిదీ వేంకటమే. ఆ పేరు ఇప్పుడు పిల్లలకు పెట్టడం తగ్గింది గానీ, తిరుమలలో రోజూ వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనం ఆమె పేరు మీదే ఉంది.

బాధ నిండిన పేర్లూ ఉన్నాయి. వరుసగా బిడ్డలు పోయిన ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, చావు కన్ను పడకుండా చెత్తకుప్పలో పొర్లించి, కుప్పమ్మ, కుప్పయ్య, పెంటయ్య అని పిలిచేవాళ్ళు. ఉత్తరాంధ్రలో తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు చేసి తవిటయ్య, తవిటమ్మ అన్నారు. ఇవి విని నవ్వేవాళ్ళను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఎంత ప్రేమ ఉంటే, ఎంత భయం ఉంటే ఒక తల్లి తన బిడ్డను కుప్ప అని పిలుచుకుంటుంది!

చెన్నప్ప కూడా పిల్లల్లో దాదాపు కనుమరుగైన పేరే. 1639 ఆగస్టు 22న ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే సముద్రతీరాన కొంత నేల పొందాడు. ఇచ్చింది దామర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయన ఏలిక ఆరవీటి వంశపు పెద వేంకటరాయలు. ఆ వంశపు రాజధానుల్లో చంద్రగిరి ఒకటి. వేంకటాద్రి తండ్రి పేరు చెన్నప్ప. ఆ నేల మీద కంపెనీ కట్టిన కోట పక్కన లేచిన ఊరికి ఆయన పేరిట చెన్నపట్నం అన్నారు. చెన్నకేశవస్వామి గుడి వల్ల వచ్చిందనే వాదమూ ఉంది. 1996లో మద్రాసు పేరు తీసేసి చెన్నై అని ఖాయం చేశారు. ఊయలలో చెన్నప్పలు లేరు గానీ రైలు టికెట్ల మీద రోజూ ఉన్నారు.

వకుళ పేరు పెట్టాలనుకునేవాళ్ళకు ఒక సంగతి. నక్షత్రపాదాన్ని బట్టి అక్షరం చూసే లెక్కలో రోహిణికి ఓ, వా, వీ, వూ వస్తాయి. రెండో పాదంలో పుట్టిన పిల్లకు వకుళ చక్కగా కుదురుతుంది. రోహిణి యశోద కొడుకు నక్షత్రం కూడా. రాసేటప్పుడు మాత్రం చివర ళ రాయండి, ల కాదు.