మన వంశంలో గొప్పవారున్నారా? లెక్క తేలికే, రుజువే ముఖ్యం

కెనడాలో వంశవృక్షాల మీద ఆసక్తి ఎక్కువ. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫలానా వారి సంతతి తామని క్యూబెక్‌వాళ్లు పన్నెండు తరాల వరకూ చెబుతారు. తెలుగువాళ్లం మాత్రం ముత్తాత దగ్గరే ఆగిపోతాం. మనకూ అలా తెలుసుకునే వీలుందా?

ముందు లెక్క చూద్దాం. తల్లిదండ్రులు ఇద్దరు, వారి తల్లిదండ్రులు నలుగురు. ఇలా తరానికి రెట్టింపవుతూ పోతే పదో తరానికి 1,024 మంది. తరానికి 30 ఏళ్ల చొప్పున అది 300 ఏళ్ల కిందటి మాట. ఇరవయ్యో తరానికి పది లక్షలు దాటుతారు. ఇంతమందిలో పేరున్నవాళ్లు ఒకరిద్దరు ఉంటే ఆశ్చర్యం లేదు.

అంతమంది నిజంగా వేర్వేరు మనుషులేనా? కాదు. ఒకే మనిషి చాలా దారుల్లో పూర్వీకుడవుతాడు. మేనమామ కూతుర్ని చేసుకున్నవారి పిల్లలకు ముత్తాతలూ ముత్తవ్వలూ కలిపి ఎనిమిది మంది కాదు, ఆరుగురే.

క్యూబెక్‌లో జరిగిందీ ఇదే. ఫ్రాన్స్‌లోని పెర్ష్ ప్రాంతం నుంచి 1634లో వచ్చిన వడ్రంగి జకారీ క్లూటియేకి 1800 నాటికి 10,850 మంది వారసులున్నట్టు మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ఒక మండల కేంద్రం జనాభా అంత! ఇక 1663–1673 మధ్య ఫ్రాన్స్ రాజు ఖర్చుతో వచ్చిన సుమారు 770 మంది యువతులు లక్షల కుటుంబాలకు అవ్వలు.

ఇంత కచ్చితంగా ఎలా తెలిసింది? చర్చి రిజిస్టర్ల వల్ల. పెళ్లి రాసినప్పుడు వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ రాసేవారు, తల్లి పుట్టింటి పేరుతో సహా. అందుకే స్త్రీల దారి కూడా తెగిపోలేదు.

మరో ఆధారం జనగణన. కెనడా జనగణన పత్రాలు 92 ఏళ్ల తర్వాతే అందరికీ తెరుస్తారు. 1931 నాటివి 2023లో వచ్చాయి, 1941 నాటివి 2033లో వస్తాయి. ఒట్టావాలోని జాతీయ ఆర్కైవ్స్, అంటే పాత ప్రభుత్వ పత్రాల భాండాగారం, వీటిని ఉచితంగా చూపిస్తుంది.

వాటిలో తెలుగువాళ్లు ఎక్కడుంటారన్న సందేహం సహజం. మనలో చాలామందికి ఆధారాలు వేరేచోట ఉన్నాయి. ఫిజీ మీదుగా వాంకోవర్ చేరినవారి పెద్దలు 1903–1916 మధ్య మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఉండొచ్చు. ఒప్పందం మీద వెళ్లే కూలీకి ఇచ్చిన అనుమతి చీటీలో పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, చివరికి ఒంటిమీది పుట్టుమచ్చలు కూడా రాశారు. ఆ ఒక్క కాగితం మిమ్మల్ని సొంతూరి దాకా తీసుకెళ్తుంది.

నేరుగా ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవారు ఇంట్లోనే మొదలుపెట్టండి. తర్పణాలు వదిలే కుటుంబాల్లో తండ్రివైపు, తల్లివైపు మూడేసి తరాల పేర్లు చెబుతారు. ఆడవాళ్లతో కలిపి పన్నెండు పేర్లు! ఆపైన పాత దస్తావేజులు చూడండి. అమ్మినవారిదీ కొన్నవారిదీ తండ్రి పేరు, ఊరు అందులో ఉంటాయి.

ఒక జమీందారుతో ఇంటిపేరు కలిస్తే ఆయన మనవాడేనా? తొందరపడొద్దు. చాలా ఇంటిపేర్లు ఊళ్ల నుంచి వచ్చాయి, సంబంధం లేని కుటుంబాలకూ అవే ఉంటాయి. పైగా పదో తరంలోని 1,024 మందిలో మీ ఇంటిపేరు దారిలో నిలిచేది ఒక్కరే.

డీఎన్ఏ పరీక్ష తేల్చదా? దగ్గరి బంధువులను బాగానే పట్టిస్తుంది. పదో తరం పూర్వీకుడి నుంచి మనకు వచ్చేది సగటున వెయ్యో వంతు, ఒక్కోసారి అసలేమీ రాదు. అంత దూరానికి అది సాక్ష్యం కాదు.

కాబట్టి గొప్పవారి పేరుతో మొదలుపెట్టి కిందికి రావద్దు. మీ నుంచి మొదలుపెట్టి ఒక్కో తరం పైకి వెళ్లండి. ప్రతి పేరు పక్కన ఆధారం రాయండి, అది లేనిచోట ఖాళీ ఉంచండి. కాగితాలు రేపైనా దొరుకుతాయి, పెద్దవాళ్ల జ్ఞాపకాలు దొరకవు. ఈ ఆదివారమే అమ్మమ్మకో బాబాయికో ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది రాసుకోండి.