ఓడ ఎక్కి చూడండి!

"విమానం ఉండగా ఓడెందుకండీ?" అని అడిగేవారికి మన దేశంలో కొదవ లేదు. నిజమే. చెన్నైలో విమానమెక్కితే రెండు గంటల పైచిలుకులో అండమాన్‌లో దిగవచ్చు. అదే ఓడలో అయితే రెండున్నర రోజులు. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. లెక్కకట్టి చూస్తే గంటకు 20 కిలోమీటర్లు, అంటే కుర్రవాడు హుషారుగా తొక్కే సైకిలు వేగమన్నమాట! సైకిలు వేగంతో బంగాళాఖాతం దాటుతారా అని మా కాలేజీ మిత్రులు నవ్వారు. అయినా నేనూ, మా ఆవిడా ఒక జనవరి నెలలో విశాఖ రేవులో ఓడ ఎక్కాం.

ఒడ్డు కనుమరుగైన కాసేపటికే సెల్‌ఫోను మూగబోయింది. మొదటి పూట కాళ్ళు చేతులు ఆడనట్టయింది. రెండోనాటికి దాని సంగతే మరిచిపోయాం. ఆకుపచ్చగా ఉన్న నీళ్ళు లోతుకు పోయేకొద్దీ నీలిమందు కలిపినట్లయ్యాయి. ఓడ ముందు నుంచి చిన్న చేపలు పిచ్చుకల గుంపులా లేచి, కొంతదూరం ఎగిరి, మళ్ళీ నీళ్ళలో మునిగేవి.

అన్నిటికంటే వింత సూర్యోదయం. మన దేశమంతటికీ గడియారం ఒక్కటే. దానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మన కాకినాడ దగ్గరనుంచే పోతుంది. అక్కడినుంచి తూర్పుకు ఒక్కొక్క డిగ్రీ జరిగితే సూర్యుడు నాలుగేసి నిమిషాలు ముందు లేస్తాడు. అండమాన్ పది డిగ్రీల తూర్పున ఉంది. అందుకే రోజు రోజుకూ మాకు ముందే తెల్లవారేది. భూమి గుండ్రంగా ఉందని చిన్నప్పుడు పాఠం అప్పజెప్పాం. కళ్ళారా చూసింది మాత్రం ఓడ మీదే.

ఓడలో కేబిన్లే కాక, పెద్ద హాలులో వరుసగా బల్లలు వేసిన బంకు తరగతి కూడా ఉంది. అసలు ఓడ అక్కడుంది. అండమాన్‌లో స్థిరపడిన మన సిక్కోలు, విశాఖ వాళ్ళు అందులో ఎందరో! బియ్యం బస్తా మీద చెయ్యి వేసుకు కూచున్న ఒక ముసలమ్మను, "విమానంలో వెళ్ళరాదా అమ్మా?" అన్నాను.

"నానెల్తాను బాబూ, నా బస్తా ఎల్లదు కదా!" అన్నది.

మనకు సరదా అయిన ఓడ ఆమెకు ఇంటి దారి. ఒకప్పుడు మన ఉత్తరాంధ్రవారు ఇలాగే స్టీమరెక్కి రంగూను పోయేవారు. దానిని 'రంగం వెళ్ళడం' అనేవారు. 1942లో జపాను సైన్యం రంగూనును పట్టుకోవడంతో ఆ రాకపోకలకు పెద్ద దెబ్బ తగిలింది. రెండు రాత్రులు నీళ్ళు తప్ప మరేమీ కనబడకపోతే, కన్నవారిని విడిచి అంతదూరం పోవడమంటే ఏమిటో కొంచెమైనా తెలిసివస్తుంది. విమానం దూరాన్ని చెరిపేస్తుంది. ఓడ దాన్ని మనకు చూపిస్తుంది.

అయితే ముందుగా ఒక మాట. ఓడలు నెలకు ఏ కొన్నిసార్లో నడుస్తాయి. వానకారు, తుఫాను రోజులు మానుకుని జనవరి, మార్చి నెలల మధ్య బయలుదేరండి. తల తిరిగేవారు వైద్యుణ్ణి అడిగి మందు బిళ్ళలు దగ్గరుంచుకోవాలి. సెలవు చాలకపోతే పోయేటప్పుడు ఓడలో పోయి, వచ్చేటప్పుడు విమానంలో రండి.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు పెట్టారు. మూడోనాడు దాని కొండలు పచ్చగా నీళ్ళలోంచి లేస్తుంటే బంకు తరగతి పిల్లలు వేసే కేకలున్నాయే, అవి విమానంలో వినబడవు!